కుడితిలో పడిన ముద్ద

రాత్రి పదకొండు దాటింది. పిల్లలిద్దరూ నిద్రపోయారు, అత్తయ్య గది తలుపు చేరవేసి ఉంది, నాకు మాత్రం సాయంత్రం నేను అత్తయ్యను అన్న మాట లోపల కెలుకుతూనే ఉంది కనుక రాసుకుంటున్నాను.

విజయనగరంలో మూడు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. ఆదివారం పూట పిల్లలను ఇంట్లో నిలపడానికి వేరే దారి తోచక, ఆడుకునే పిండిముద్ద చేద్దామని కూర్చోబెట్టాను. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తటి ఉప్పు, రెండు గ్లాసుల నీళ్ళు, రెండు పెద్ద చెంచాల నూనె, ఒక నిమ్మకాయ రసం అన్నీ మందపాటి మూకుడులో ఉండలు కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద ఉప్మా కలియబెట్టినట్టు తిప్పుతూ ఉంటే, పిండి ఉడికి అంచులు వదిలి ముద్దకు వస్తుంది. ఉడికించకుండా చన్నీళ్ళతో కలిపిన పిండి మర్నాటికే జిగురుగా చేతికి అంటుకుంటుంది. ఉప్పు ఎక్కువగా వేయడానికీ కారణం ఉంది. తడిని అది తన దగ్గరే పట్టి ఉంచడం వల్ల ముద్ద త్వరగా బూజు పట్టదు, ఒకసారి నాలుకకు తగిలించుకున్న పిల్లవాడు రెండోసారి నోట పెట్టుకోడు. నిమ్మరసం లేకుండా విడిగా ఉడికించిన చిన్న ముద్దలో పసుపు వేసి, ఆపైన చిటికెడు తినే సోడా కలపగానే అది ఎర్రబడింది. "దిష్టినీళ్ళు!" అని చిన్నది చప్పట్లు కొట్టింది. దిష్టినీళ్ళలో సున్నం చేసే పనినే ఇక్కడ సోడా చేసిందని పెద్దవాడు తనంతట తాను చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

అత్తయ్యకు మాత్రం మొదటి నుంచీ నచ్చలేదు. మూకుడు పొయ్యి మీదకు ఎక్కింది మొదలు, వంటింటి గుమ్మంలో నిలబడి, "తినీ పిండితో ఆటలేటమ్మా?" అని నాలుగుసార్లైనా అని ఉంటారు. బజారులో డబ్బాల్లో దొరికే ప్లే-డో కూడా పిండీ ఉప్పూ నీళ్ళేననీ, అమెరికాలో బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడకాగితాలను తుడవడానికి వాడిన ముద్దనే 1956లో పిల్లల ఆటవస్తువుగా అమ్మడం మొదలుపెట్టారనీ ఓపికగానే చెప్పాను. "ఆళ్ళు గోడలు తుడిసీవోరని మనం పారబొయ్యాలేటి?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు, కానీ ఆ మాట మధ్యాహ్నమంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నేను పిల్లలతో గడిపే ఒక్క పూటను కూడా ఖర్చు లెక్కలో వేస్తారేమిటని మనసులో చాలా అనుకున్నాను.

సాయంత్రం పిల్లలు లేచిపోయాక, సగం ముద్దను డబ్బాలో పెట్టి, మట్టి అంటిన మిగతా సగాన్ని పారేయడానికి పళ్ళెంలో ఉంచాను. దీపం పెట్టి పెరట్లోకి వెళ్ళేసరికి అత్తయ్య ఆ ముద్దను కుడితి బాల్చీలో వేసి, చేత్తో పిసికి కరిగిస్తున్నారు. పక్కవీధి ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి తీసుకువెళ్ళే కుడితి అది, పైగా ఆ ఆవు ఇప్పుడు చూడిది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మూగజీవాన్ని చంపేస్తారా?" అని, పిల్లలు చూస్తుండగానే గట్టిగా అరిచాను.

అత్తయ్య చెయ్యి కడుక్కుని, చాలా నెమ్మదిగా, "ఆవుకి ఉప్పెట్టరేటమ్మా? మా కన్నోరింట్లో కుడితిలో రోజూ ఏసీవోళ్ళం" అని లోపలికి వెళ్ళిపోయారు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఇంత కోపం నాకు ఆవు గురించేనా అని అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఆ గ్లాసు ఉప్పును మూకుడులో వంచినప్పుడే నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అమ్మమ్మగారి ఊరు నౌపడా దగ్గర. తాతయ్య ఉప్పు మళ్ళలో పనిచేసేవాడు. వేసవి సెలవుల్లో నేను మజ్జిగ చెంబు పట్టుకుని గట్ల మీదుగా వెళ్ళేదాన్ని. మళ్ళలో నీరు ఎండకు ఇగిరి తెల్లటి పొర కట్టేది, దాన్ని కొయ్య పలకతో లాగి కుప్పలు పోసేవారు, కుప్పల మీద తాటాకులు కప్పేవారు. ఒక ఏడాది కోతకు వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఉన్న తాటాకులన్నీ కుప్పలకు కప్పారు కానీ, మళ్ళలో లాగకుండా ఉన్న ఉప్పును కాపాడడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. వాన అరగంట కూడా పడలేదు. తాతయ్య గట్టు మీద నిలబడి, చేతిలోని పలకను కింద పెట్టకుండానే, తెల్లటి మడి తిరిగి మామూలు నీటిమడుగు కావడాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి అమ్మమ్మ ఆయన పాదాల పగుళ్ళకు నూనె రాస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. అమ్మమ్మ మాట్లాడని రాత్రి నాకు అదొక్కటే గుర్తుంది.

కాబట్టి పారబోత అనే మాట అత్తయ్య నోట విన్నప్పుడు నన్ను పొడిచింది ఆవిడ కాదేమో. ఆవిడ పిండిని తలుచుకున్నారు, నేను ఉప్పును తలుచుకున్నాను.

అయితే కుడితి విషయంలో నాది పూర్తిగా తప్పని ఇప్పటికీ ఒప్పుకోలేను. పశువుల దాణాలో ఉప్పు కలుపుతారన్నది నిజమే, నూటికి ఒక పాలు కలపడం మామూలే, నీళ్ళు చాలినన్ని తాగే ఆవు కాస్త హెచ్చు ఉప్పును తట్టుకుంటుంది కూడా. కానీ రోజూ అందే కొద్దిపాటి ఉప్పు వేరు, అరగ్లాసు ఉప్పు ఒక్కసారే కడుపులో పడడం వేరు. అదే ముద్ద గుమ్మం బయట పడేస్తే వీధికుక్క తిని ఉండేది, చిన్న ఒంటికి అంత ఉప్పు నిజంగా విషమే. మల్లెమొక్క మొదట్లో వేసినా వేళ్ళు మాడిపోతాయి. ఇవన్నీ నేను ముందే అత్తయ్యకు చెప్పి ఉండవలసింది. గోడకాగితాల కథ చెప్పడానికి దొరికిన సమయం ఈ ఒక్క ముక్క చెప్పడానికి దొరకలేదా?

ఇందాక లేచి డబ్బా మూత తీసి చూశాను. ముసురుకు ఉప్పు గాలిలో తేమను లాగినట్టుంది, ముద్ద ఒళ్ళంతా చెమట పట్టింది. గుప్పెడు మైదా చల్లి మళ్ళీ మర్దించి పెట్టాను. మైదా డబ్బా మూత చప్పుడు కాకుండా బిగించాను. కుడితి బాల్చీ నేనే కడిగి బోర్లించాను. అత్తయ్య నాలుగున్నరకే పెరటి తలుపు తీస్తారు. ఆ వేళకు లేచి, వాళ్ళ కన్నవారింట్లో కుడితిలో ఉప్పు ఎంత వేసేవారో, చిటికెడా గుప్పెడా అని అడగాలి.