ముసుగు వీరుడి పక్కన వినిపించే గొంతు

డెట్రాయిట్ శివార్లలో పిల్లలను పెంచుతున్న తెలుగు తల్లిగా, మన కథలను ఎంత శ్రద్ధగా చెబుతానో ఈ ఊరి కథలను కూడా వారికి అంతే శ్రద్ధగా పరిచయం చేయాలని నా కోరిక. వాటిలో ఒకటి 'లోన్ రేంజర్'. దొంగలను వెంటాడి పట్టుకునే ఈ ముసుగు వీరుడి కథలు జరిగేది అమెరికా పడమటి నేలల్లోనే అయినా, ఆయన పుట్టింది మాత్రం 1933లో డెట్రాయిట్‌లోని డబ్ల్యూఎక్స్‌వైజెడ్ రేడియో స్టేషన్‌లో. ఆ స్టేషన్ యజమాని జార్జ్ ట్రెండిల్ సంకల్పిస్తే, బఫెలోలో ఉండే ఫ్రాన్ స్ట్రైకర్ కథలు రాశాడు. 1949 సెప్టెంబరులో ఆ వీరుడు ఏబీసీ ద్వారా టెలివిజన్ తెర మీదికి వచ్చాడు. నేను పిల్లలకు ముందు రేడియో భాగాలు వినిపించి, ఆ తరువాతే టెలివిజన్ భాగాలు చూపించాను, ఎందుకంటే ఒక కథ చెవి నుంచి కంటికి మారేటప్పుడు ఏది మారిందో, ఏది మారకుండా మిగిలిపోయిందో తెలియాలంటే ఆ వరుసలోనే వెళ్ళాలి.

ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రాలు వింటూ పెరిగిన మా తరానికి ఇది తిరగేసిన అనుభవం. మేము సినిమాను రేడియోలో విని, మాటల మధ్య నిశ్శబ్దంలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకునేవాళ్ళం. రేడియో కోసమే పుట్టిన నాటకంలో అలాంటి నిశ్శబ్దాన్ని రచయిత మిగల్చకూడదు. ముసుగు కనిపించదు కాబట్టి దాన్ని చూసిన ప్రతివాడూ పైకి అనాలి; ఎడారిలో ఒంటరిగా వెళ్ళే వీరుడు తన మనసులోని ఆలోచనను ఎవరితోనైనా చెప్పాలి. టోంటో అనే ఆదివాసీ సహచరుడు ఈ కథలోకి వచ్చింది ముఖ్యంగా ఆ అవసరం కోసమే. రేడియో కథల్లో అతణ్ణి పొటవాటమీ జాతివాడిగా చెప్పారు. పొటవాటమీలు మేముంటున్న ఈ మిషిగన్ నేలకు, ఈ మహాసరస్సుల తీరానికి చెందినవారన్న సంగతి మా పిల్లలకు ఈ కథ వల్లే తెలిసింది.

తెర మీదికి వచ్చాక అవసరాలు మారాయి. గుర్రం కనిపిస్తుంది, ముసుగు కనిపిస్తుంది, కొండ సందులో పొంచి ఉన్న దొంగల ముఠా కనిపిస్తుంది. అయినా తొలి భాగాల్లో వ్యాఖ్యాత గొంతు రేడియోలో లాగే కథంతా చెప్పుకుంటూ పోతుంది. వీరుడి పాత్ర వేసిన క్లేటన్ మూర్ గొంతు కూడా, అప్పటికి శ్రోతలకు బాగా అలవాటైన రేడియో నటుడు బ్రేస్ బీమర్ గొంతును గుర్తుకు తెస్తుంది. నడుమ కొంతకాలం జాన్ హార్ట్ ఆ వేషం వేశాడు. ముసుగు అదే అయినా మనిషి మారాడని మా అబ్బాయి వెంటనే పట్టేశాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది టోంటో మాట. రేడియోలో ఆ పాత్రకు గొంతునిచ్చిన జాన్ టాడ్ వయసు మళ్ళిన తెల్లజాతి నటుడు. లోన్ రేంజర్ ఎప్పుడూ స్వచ్ఛమైన, వ్యాకరణబద్ధమైన ఇంగ్లీషే మాట్లాడాలని రచయితలకు లిఖితపూర్వకమైన నియమం ఉండేది, టోంటోకు మాత్రం క్రియలు సరిగా అతకని ముక్కల వాక్యాలు రాశారు. టెలివిజన్‌లో ఆ పాత్రకు నిజమైన ఆదివాసీ నటుణ్ణి, కెనడాలోని ఒంటారియోలో సిక్స్ నేషన్స్ ప్రాంతంలో పుట్టిన మొహాక్ జాతీయుడు జే సిల్వర్‌హీల్స్‌ను తీసుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు, ఆయన నిలువెత్తు హుందాతనం తెర నిండా కనిపిస్తుంది. కానీ చక్కని ఇంగ్లీషు మాట్లాడగల ఆ మనిషి నోట కూడా రేడియో నాటి ముక్కల వాక్యాలనే పలికించారు.

"ఆయన నిజంగా అలాగే మాట్లాడతారా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. ఇక్కడ పెరిగే మన పిల్లలు ఈ ప్రశ్న అడగగలగాలని నేను గట్టిగా కోరుకుంటాను. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దుకాణంలో ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ ఆగి ఆగి మాట్లాడుతుంది, అదే మనిషి ఇంటికి వచ్చి పోతన పద్యం ఎత్తుకుంటే ఎక్కడా తడుముకోదు. బయట ఆమె ఇంగ్లీషు మాత్రమే విన్నవారు ఆమె ఆలోచన కూడా అంతే అనుకునే ప్రమాదం ఉంది, మన పిల్లలే అలా అనుకునే ప్రమాదం ఇంకా పెద్దది. టోంటో తక్కువగా మాట్లాడటానికి కారణం అతనికి తక్కువ తెలియడం కాదని, అతనికి ఎవరో అంతే రాసిచ్చారని తెలుసుకున్న పిల్ల తన అమ్మమ్మ మాటను వేరుగా వింటుంది.

అంతమాత్రాన ఈ కథను పక్కన పెట్టెయ్యమని నేను అనను. దొంగను చంపకుండా పట్టుకుని చట్టానికి అప్పగించే వీరుడు ఏ ఇంటి పిల్లలకైనా మంచి స్నేహితుడే. పైగా సిల్వర్‌హీల్స్ జీవితం ఆ పాత్రతో ముగిసిపోలేదు. ఆయన 1960లలో లాస్ ఏంజెలెస్‌లో ఆదివాసీ నటులకు శిక్షణనిచ్చే కార్యశాలను స్థాపించడంలో ముందు నిలిచాడు. ఈ సంగతి చెప్పకుండా పిల్లలకు ఆ భాగాలను చూపించడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు పిల్లలిద్దరూ ఒక రేడియో భాగాన్ని తెలుగులోకి మార్చుకుంటున్నారు. టోంటోకు నిండు వాక్యాలు రాయాలన్నది వారి నిర్ణయమే. అలా రాయగానే ఒక చిక్కు వచ్చింది: ఇంతకుముందు అతను అడిగితే వీరుడు జవాబు చెప్పేవాడు, వినేవారికి కథ అలాగే తెలిసేది. అన్నీ తెలిసినవాడిగా టోంటోను రాస్తే ఇక అడిగేదెవరు? అమ్మాయి ప్రశ్నలన్నీ లోన్ రేంజర్‌కు ఇచ్చేసింది. దొంగలు ఎటు వెళ్ళారో, వాగు ఎక్కడ దాటవచ్చో, రాత్రికి ఎక్కడ ఆగాలో ఆయన అడుగుతాడు, ఆ నేల తెలిసిన టోంటో చెబుతాడు. టోంటో గొంతు మా అబ్బాయిది.