కెండాల్‌లో ఒక టీచరమ్మ జాడ

మాంచెస్టర్‌లో కూతురి ఇంట్లో ఉండడానికి వచ్చిన రెండో నెలలో, ఇంగ్లండు వాయవ్య మూలన ఉన్న కెండాల్ అనే చిన్న ఊరికి నేనొక్కదాన్నే రైల్లో బయలుదేరాను. అందరూ సరస్సులు చూడడానికి విండర్‌మియర్ దాకా వెళ్తుంటే మీరు మధ్యలో దిగిపోతానంటారేమిటి అత్తయ్యా అని అల్లుడు అడిగాడు. సిద్దిపేట దగ్గరి బళ్ళలో ఇరవై ఆరేళ్ళు పిల్లలకు కుట్టుపని, బొమ్మలు నేర్పిన మనిషిని నేను. 4,000 మందికి పైగా మనుషులు కలిసి సూదీ దారంతో కుట్టిన ‘క్వేకర్ టాపెస్ట్రీ’ అనే 77 పటాలు ఆ ఊళ్ళో ఉన్నాయని, వాటిని మొదలుపెట్టినావిడ కూడా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషేనని తెలిశాక నా మనసు సరస్సుల మీదికి పోలేదు.

ఆక్సెన్‌హోమ్‌లో రైలు మారితే కెండాల్ ఆ తరువాతి స్టేషనే. ఊరంతా బూడిదరంగు సున్నపురాతి ఇళ్ళు, పక్కనే కెంట్ అనే చిన్న నది. పూర్వం ఇది ఉన్నిబట్టలకు పేరుపడిన ఊరు. ‘బట్టే నాకు బువ్వ’ అని అర్థం వచ్చే లాటిన్ మాటలను ఆ ఊరు తన ముద్రావాక్యంగా పెట్టుకుంది. మగ్గం మీద బతికిన ఊళ్ళ నుంచి వచ్చినదాన్ని కనుక ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. ఉన్నిబట్ట మీద ఉన్నిదారంతో కుట్టిన పటాలు ఇలాంటి ఊరికే చేరడం నాకెంతో సబబుగా తోచింది.

స్ట్రామన్‌గేట్ అనే వీధిలో 1816లో కట్టిన క్వేకర్ల సభాగృహం ఉంది, వాళ్ళ కథను చెప్పే ఆ పటాలు ఉన్నది అందులోనే. క్వేకర్లంటే పదిహేడో శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ బోధనలతో మొదలైన ఒక క్రైస్తవ శాఖ, వాళ్ళు తమను తాము ‘ఫ్రెండ్స్’ అని పిలుచుకుంటారు. ఈ కెండాల్ చుట్టుపక్కల కొండల్లోనే, ఫర్‌బ్యాంక్ ఫెల్ మీద, 1652లో ఫాక్స్ సుమారు వెయ్యిమందిని ఉద్దేశించి మాట్లాడాడు. క్వేకర్ అన్న మాట నేను మొదటిసారి విన్నది మార్జొరీ సైక్స్ గురించి చదివినప్పుడు. 1928లో మద్రాసులోని బెంటింక్ బాలికల పాఠశాలకు ఉపాధ్యాయినిగా వచ్చి, తరువాత క్వేకరై, సేవాగ్రామ్‌లో గాంధీగారి విద్యావిధానమైన నయీ తాలీమ్ పని చేసిన ఆవిడ ఆమె. చేతిపనిని చదువులో భాగం చేయాలన్న ఆ ఆలోచనకు జీవితాన్ని ఇచ్చిన మనిషి క్వేకరేనన్న సంగతి అప్పటినుంచీ నా మనసులో ఉండిపోయింది.

ఈ పటాల కథ మొదలైంది మాత్రం కెండాల్‌లో కాదు, దక్షిణాన సోమర్‌సెట్‌లోని టాంటన్ ఊళ్ళో. అక్కడి క్వేకర్ సభలో కొద్దిమంది పిల్లలకు తరగతి నడుపుతున్న ఆన్ విన్ విల్సన్ స్వయంగా మంచి ఎంబ్రాయిడరీ చేసే మనిషి. 1981లో ఆ తరగతికి వచ్చే 11 ఏళ్ళ బాలుడొకడు యథాలాపంగా అన్న మాటను పట్టుకుని ఆమె ఈ పనిని మొదలుపెట్టింది. పిల్లలు రోజుకు ఇలాంటి మాటలు వందైనా అంటారని, వాటిలో తొంభైతొమ్మిదిని మనం గంట కొట్టగానే వదిలేస్తామని బడిలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. ఆన్ ఒక్క మాటను వదలలేదు, ఆ ఒక్క మాట పదిహేనేళ్ళు సాగి, 15 దేశాల పిల్లలూ పెద్దలూ సూది పట్టాక, 1996లో పూర్తయింది.

లోపల అడుగుపెట్టగానే నాకు తోచిన మొదటి సందేహం, అలంకారం వద్దనుకున్న వాళ్ళ ఇంట్లో ఇన్ని రంగులెందుకని. క్వేకర్ల సభాగృహంలో విగ్రహం ఉండదు, రంగుటద్దాలుండవు, గోడలు తెల్లగా, బల్లలు చెక్కవిగా ఉంటాయి. తొలితరం వాళ్ళు దుస్తుల్లో కూడా ఆడంబరాన్ని దూరం పెట్టారు. పటాల ముందు నిలబడి చూసేకొద్దీ నా సందేహం తీరింది. ఇందులో జరీ లేదు, తళుకు లేదు, ఒక్కొక్కటీ సుమారు 25 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల ఎత్తు ఉన్న సాదా ఉన్నిబట్ట. దాని మీద ఉన్నదంతా ఎవరో ఒకరి పని, ఎవరో ఒకరి కష్టం. తెల్లగోడల మధ్య వాటిని చూస్తే ఇంట్లో ఆరవేసిన బట్టల్లాగా, ఆ ఇంటివాళ్ళవే అనిపించాయి.

అన్ని పటాలూ ఒకేసారి గోడ మీద ఉండవు కాబట్టి ఉన్నవాటినే తీరికగా చూశాను. యార్క్‌షైర్‌లో పనిమనిషిగా బతికిన మేరీ ఫిషర్ 1658లో తుర్కీ సుల్తాను నాలుగో మెహమెద్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళి తన మనసులోని మాట చెప్పి వచ్చిన కథ ఒక పటం. న్యూగేట్ జైలుకు వెళ్ళి ఖైదీ స్త్రీలకు చదువూ కుట్టుపనీ అందేలా చూసిన ఎలిజబెత్ ఫ్రై కథ ఇంకొకటి. దేశాంతరం పంపుతున్న ఖైదీ స్త్రీలకు ఓడ ఎక్కేముందు సూదులు, దారాలు, బట్టముక్కలు ఇచ్చి పంపే ఏర్పాటు ఆమె బృందం చేసింది. 1841లో ‘రాజా’ అనే ఓడలో వెళ్ళిన స్త్రీలు ఆ ముక్కలతో బొంత కుట్టారు, అది ఇప్పటికీ ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలలో భద్రంగా ఉంది. కుట్టుపని గురించి చెప్పే కథను కుట్టుపనితోనే చెప్పడం చూసి నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

మా ప్రాంతపు చేర్యాల నకాశీ పటాలు గుర్తు రాకుండా ఉంటాయా? కూనపులివారు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణపు పటాన్ని విప్పుతూ కథ చెబుతారు, నేతపనివాళ్ళు తమ మూలపురుషుణ్ణి అందులో చూసుకుంటారు. ఇక్కడా ఒక సమాజం తన కథను బట్ట మీదే చూసుకుంటోంది. అయితే చేర్యాలలో పటాన్ని గీసేది తరాలుగా ఆ విద్య తెలిసిన నకాశీలు. కెండాల్ పటాల మీద చెయ్యి వేసినవాళ్ళలో అంతకు ముందు సూది పట్టనివాళ్ళు కూడా ఉన్నారు. పటం అడుగుభాగాన పిల్లలు గీసిన బొమ్మలు వాళ్ళు గీసినట్టే, తలలు పెద్దవిగా, కాళ్ళు పుల్లల్లాగా ఉన్నాయి. ఏ పెద్దవాళ్ళూ వాటిని సరిదిద్దలేదు.

కుట్టు తెలియని వాళ్ళతో ఇంత పని చేయించడం ఎలా సాధ్యమైందన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది. ఆన్ ఎంచుకున్న కుట్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. మనకు తెలిసిన గొలుసు కుట్టు, కాడ కుట్టు, దారాన్ని సూదితో మధ్యకు చీల్చుకుంటూ పోయే కుట్టు, చిన్న ముడి కుట్టు, ఫ్రాన్సులోని బయూ పటంలో కనిపించే పరుపు కుట్టు. సుమారు 70 మీటర్ల పొడవున్న ఆ పాత బయూ పటం ఆమెకు ప్రేరణ. దాన్నీ దీన్నీ ‘టాపెస్ట్రీ’ అంటారు కానీ రెండూ మగ్గం మీద నేసినవి కావు, సూదితో కుట్టినవే. వీటన్నిటికీ తోడు, అక్షరాలు వంపు తిరిగే చోట దారం చక్కగా ఒదగడానికి ఆమె కాడ కుట్టునూ చీలిక కుట్టునూ కలిపి ఒక కొత్త కుట్టును కనిపెట్టింది. దాన్ని క్వేకర్ కుట్టు అంటారు.

పటాన్ని చిన్నదిగా ఉంచడంలో కూడా ఉపాధ్యాయిని బుద్ధి కనిపిస్తుంది. ఆ చట్రం ఒక ఇంటి గదిలో పడుతుంది, దాని చుట్టూ నలుగురైదుగురు కూర్చోవచ్చు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు సైతం నాలుగు పోగులు వేసి వెళ్ళవచ్చు. నేను పనిచేసిన ఒక బడిలో క్రాఫ్ట్ పీరియడ్‌ను పరీక్షల పేరు చెప్పి ఏటా లెక్కలకు ఇచ్చేసేవారు. చేతిపని వచ్చిన పిల్ల తక్కువ పిల్ల అన్నట్టు చూసేవారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు. కుట్టడం వచ్చినవాళ్ళను ఏరి వాళ్ళచేత అందమైన వస్తువు చేయించడం సులువు. రానివాళ్ళ కోసం కుట్టునే మార్చడం మాత్రం బోధనలో కెల్లా కష్టమైన పని, దాన్ని ఆన్ చేసింది.

ఆదివారం దాకా ఆ ఊళ్ళోనే ఆగాను. ఆ ఉదయం మౌనసభకు ఎవరైనా రావచ్చని చెప్పారు. పూజారి లేడు, పాట లేదు, అందరూ ఊరికే కూర్చున్నారు. ఎవరి మనసుకైనా చెప్పాలని తోస్తే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చోవడం వాళ్ళ పద్ధతి. చాలాసేపు ఎవరూ లేవలేదు. ఒక పాప తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నన్నే చూస్తోంది. 1682లో బ్రిస్టల్‌లో పెద్దలందరినీ జైల్లో పెట్టినప్పుడు పిల్లలే సభకు వచ్చి మౌనంగా కూర్చుని సభను నిలబెట్టారట. అలాంటి సంప్రదాయంలో పెరిగిన మనిషికి 11 ఏళ్ళ పిల్లవాడి మాట చిన్నదిగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదనుకున్నాను.

బయలుదేరే ముందు ఒక స్వచ్ఛంద సేవకురాలు నాకు చిన్న ఉన్నిబట్ట ముక్క, నీలిరంగు దారం ఇచ్చి క్వేకర్ కుట్టు ఎలా వేయాలో చూపించారు. ఆవిడ ‘ఏ అక్షరం కుడతారు?’ అని అడిగినప్పుడు నా భాషలో కుడతానన్నాను. వంపుల కోసమే పుట్టిన కుట్టు కదా, మన అక్షరాలకు ఇది బాగా నప్పాలి. పెన్సిలుతో ‘క’ గీసి, కింది వంపు నుంచి మొదలుపెట్టాను. దారం సుడి తిరిగే చోట ఎక్కడా ముడతపడకుండా, తాడులా గుండ్రంగా లేచి నిలబడింది. ఆవిడ అక్షరాన్ని వేలితో తడిమి చూసి, మీ పిల్లలకు కూడా నేర్పుతారా అని అడిగారు. నేర్పుతానన్నాను.

మాంచెస్టర్ వెళ్ళే రైలు ఎక్కాక కిటికీ వెలుతురులో మళ్ళీ బట్ట తీశాను. తలకట్టు ఒక్కటీ మిగిలింది.