పంటి నొప్పి మాత్రలు పేగు దాకా తెచ్చిన ముప్పు

నా గుండెలో లోహపు మైట్రల్ కవాటం అమర్చినప్పటి నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా, రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం అసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నాను. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే ఐఎన్ఆర్ అనే కొలత 2.5కు, 3.5కు మధ్య ఉండాలన్నారని నెలనెలా పరీక్ష చేయించుకుంటూ, ఈ మాత్ర ప్రభావాన్ని తగ్గించే విటమిన్ కె ఉన్న తోటకూర, పాలకూర కూడా ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ కాకుండా తింటూ వచ్చాను. అంత జాగ్రత్తగా ఉన్నదాన్ని, దవడ పన్ను వాచి రెండు రాత్రులు నిద్ర లేకపోయేసరికి మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్, నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకున్నాను. అసిట్రోమ్ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఐదో రోజున విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఎన్నడూ ఎరగని దుర్వాసనతో అయింది. ఐరన్ మాత్రలు వాడేవారికి నల్లగా అవుతుందని విన్నాను గానీ నేను అవి వాడడం లేదు. అయినా కడుపునొప్పి లేదు కదా అని ఒక రోజు ఊరుకున్నాను. ఆ ఒక్క రోజును తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మర్నాడు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడ్డాను. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 6.2, ఐఎన్ఆర్ 7.4.

అసిట్రోమ్‌కు విరుగుడైన విటమిన్ కె ఎక్కువ ఇస్తే కవాటం మీద రక్తం గడ్డ కట్టవచ్చు, ఇవ్వకపోతే రక్తం పోవడం ఆగదు. అందుకని కొద్ది మోతాదులో ఇచ్చి, ప్లాస్మాతో పాటు రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీలో జీర్ణాశయం బాగానే ఉంది. కొలనోస్కోపీలో పెద్దపేగులోనూ ఏమీ కనబడలేదు. చివరికి కెమెరా ఉన్న గొట్టం మాత్ర మింగించి, నడుముకు రికార్డరు కట్టి ఎనిమిది గంటలు చూస్తే చిన్నపేగులో పుండ్లు బయటపడ్డాయి. మెట్రోనిడజోల్ వల్ల కాలేయం అసిట్రోమ్‌ను త్వరగా వదిలించుకోలేక దాని ప్రభావం పెరిగిందని, అదే సమయంలో డైక్లోఫెనాక్ పేగు పొరను పుండు చేసిందని డాక్టరుగారు వివరించారు.

అసిట్రోమ్ బదులు, రక్తం గడ్డకట్టకుండా చేసే కొత్త రకం మాత్రలకు మారవచ్చా అని అడిగాను. లోహపు కవాటం ఉన్నవారికి అవి పనికిరావన్నారు. కొన్ని రోజులు ఆగి, రక్తం గడ్డకట్టకుండా చేసేదే అయినా అవసరమైతే వెంటనే ఆపగల హెపారిన్ మందును సెలైన్‌లో ఎక్కిస్తూ, అసిట్రోమ్ మళ్లీ మొదలుపెట్టారు.

ఆ పన్ను రెండు నెలల తరువాత తీయించుకున్నాను. ఆ రోజు ఉదయం ఐఎన్ఆర్ 2.8 ఉందని చూసుకుని, అసిట్రోమ్ ఆపకుండానే తీసి, రక్తస్రావం ఆపే ట్రానెక్సమిక్ ఆమ్లంలో తడిపిన గాజుగుడ్డ అదిమిపెట్టారు. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే రాశారు.