కసాంకా గబ్బిలాలు, మా నాన్న లెక్క

మా నాన్నకి గబ్బిలం అంటే దొంగ, అంతే. నూజివీడు దగ్గర మాకు కాస్త మామిడి తోట ఉంది, చిన్నరసాలు బంగినపల్లి కలిపి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే రాత్రిళ్ళు తోటలో నులక మంచం మీద పడుకుని గబ్బిలాలు దిగినప్పుడల్లా పాత డాల్డా డబ్బా కర్రతో వాయించడం నా డ్యూటీ. అలాంటి మనిషిని తీసుకుని పనిగట్టుకుని డబ్బులు కట్టి గబ్బిలాలు చూపించడానికి వెళ్ళానంటే అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

నేను జాంబియా రాజధాని లుసాకాలో ఉద్యోగం, అకౌంట్స్ పని. పోయిన నవంబర్లో అమ్మా నాన్నా వచ్చారు. విక్టోరియా ఫాల్స్ అందరూ చూస్తారు, మేమూ చూశాం, బాగుంది, దాని గురించి రాయక్కర్లేదు. కసాంకా నేషనల్ పార్క్ గురించి మాత్రం మా ఆఫీసులో జాంబియా కొలీగ్ ఒకాయన ఎప్పట్నుంచో చెప్తున్నాడు, అక్టోబర్ చివర్లో గబ్బిలాలు రావడం మొదలవుతుంది, నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా నిండుగా ఉంటాయి, క్రిస్మస్ టైముకి ఖాళీ, ఎక్కడెక్కడివో అన్నీ వచ్చి కొద్ది ఎకరాల అడవిలో వేలాడతాయి, కోటి దాకా ఉంటాయి అని. నాన్నతో అంటే "కోటి గబ్బిలాలా, మరి మందు కొట్టరా వీళ్ళు" అన్నారు. అమ్మ రానంది. సరే మేమిద్దరం గైడు, బండి, భోజనం అన్నీ కలిపి మూడు రాత్రుల టూర్ ఒకటి బుక్ చేసుకున్నాం.

లుసాకా నుంచి 500 కిలోమీటర్లు పైనే. కాబ్వే, కపిరి మ్పోషి, మ్కుషి, సెరెంజె దాటి మాన్సా రోడ్డులోకి తిరగాలి. దారంతా లారీలే. రోడ్డు పక్కన బొగ్గు బస్తాలు, వానలు మొదలయ్యాయి కాబట్టి గొడుగంత పుట్టగొడుగులు చేత్తో ఎత్తి చూపిస్తూ అమ్మేవాళ్ళు, తర్వాత మామిడిపళ్ళు. అది చూసి నాన్న బండి ఆపించారు, నవంబర్లో మామిడిపళ్ళేంట్రా అని. భూమికి ఇటు పక్క కాలాలు తిరగబడతాయని ఆయనకి తెలుసు, కానీ తెలియడం వేరు, కార్తీక మాసంలో చేతిలో మామిడిపండు పట్టుకోవడం వేరు. ఒకటి కొరికి "పీచు" అన్నారు. రెండోది కూడా తిన్నారు.

సెరెంజె దాటాక టైరు పంచరు. టూర్ కంపెనీ పేరు చెప్పను గానీ స్టెప్నీలో గాలి లేదు, మూడు గంటలు రోడ్డు మీదే. పార్కుకి చేరేసరికి చీకటి పడిపోయింది, ఆ రోజు గబ్బిలాలు మమ్మల్ని చూడకుండానే మేతకి వెళ్ళిపోయాయి. అక్కడికి దగ్గర్లోనే ఆఫ్రికా అంతా తిరిగిన అన్వేషకుడు లివింగ్‌స్టన్ 1873లో చనిపోయిన ఊరు, గుండె అక్కడే పాతిపెట్టారు, స్మారకం ఉంది, అది కూడా ఈ పంచరు దెబ్బకే పోయింది.

మా గైడు సగం అక్కడి బెంబా భాష, సగం ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడు, మంచివాడు. దిగగానే నాన్నని "బా తాతా" అన్నాడు. నాన్న మొహం మాడిపోయింది. తర్వాత నాతో "వీడెవడ్రా నన్ను తాతా అంటున్నాడు, నువ్వు పెళ్ళి చేసుకుంటే కదా నేను తాతనయ్యేది" అన్నారు. బెంబాలో తాతా అంటే నాన్న అట, గౌరవంగా బా తగిలిస్తారు. అది చెప్పాక కాస్త చల్లబడ్డారు గానీ పెళ్ళి టాపిక్ మాత్రం మూడు రోజులూ వదల్లేదు.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరాం. వాసా చెరువు దగ్గర లాడ్జి, దాన్నుంచి బండిలో కొంత, తర్వాత నడక, ముందు తుపాకీ పట్టుకున్న స్కౌట్ ఒకాయన, ఏనుగులు ఉంటాయని. దారిలో పుకూలు, అంటే ఎర్రగా ఉండే జింకల్లాంటివి, మమ్మల్ని పట్టించుకోకుండా మేస్తున్నాయి. గబ్బిలాలుండే చోటు చూస్తే నేను నిజంగా నిరాశపడ్డాను, ఇంతేనా అనిపించింది, నీళ్ళు నిలిచే నేల, దాన్లో గుబురుగా చెట్లు, ఇలాంటి చిత్తడి అడవిని వీళ్ళు ముషిటు అంటారు. మా ఊరి చెరువు గట్టు మీద తోపు అంత ఉంటుంది అంతే. అయితే ముందు వాసన తగిలింది. బొర్రా గుహల్లోకి వెళ్ళినవాళ్ళకి తెలుసు ఆ వాసన, దాన్లో పులిసిన పళ్ళు కలిపితే ఎలా ఉంటుందో అలా. తర్వాత గోల. ఆదివారం సంతలో ఒకేసారి వెయ్యి మంది బేరమాడుతున్నట్టు కీచు కీచు కీచు, మధ్యలో ఫట్ మని ఒక శబ్దం. కొమ్మ విరిగింది, బరువుకి. ఒక్కోటి పావుకిలో పైన ఉంటుంది, ఒకదాని మీద ఒకటి గుత్తులు గుత్తులుగా వేలాడతాయి, ఏ కొమ్మ ఆగుతుంది. కింద పడ్డవాటి కోసం మొసళ్ళు, కొండచిలువలు కాచుకుని ఉంటాయని గైడు చెప్పాడు.

మంచె ఎక్కాం. నాన్నకి 67, నేను భయపడుతూ ఉంటే ఆయన నిచ్చెన నాకంటే ముందు ఎక్కేశారు. ఆరు దాటింది, సూర్యుడు దిగిపోయాడు. ముందు ఓ పాతిక పైకి లేచి చుట్టూ తిరిగి మళ్ళీ కూర్చున్నాయి. తర్వాత వంద. తర్వాత ఎప్పుడు మొదలైందో చెప్పలేను, చెట్లే పైకి లేచిపోతున్నాయా అన్నట్టు అడవి మొత్తం ఊడి గాల్లోకి వచ్చింది. నల్లగా ఉంటాయనుకున్నా, కాదు, మెడ దగ్గర ఎండుగడ్డి రంగు బొచ్చు, వెలుగు వెనక నుంచి పడితే రెక్కల పొర ఎర్రగా కనిపిస్తుంది, వేళ్ళ ఎముకలు కూడా. రెక్కలు చాస్తే ముప్పావు మీటరు. మన పండ్ల గబ్బిలాలు ఇంకా పెద్దవే నిజానికి. కానీ మన ఊళ్ళో ఒక మర్రిచెట్టు నిండా ఉంటేనే చాలా అనుకుంటాం, ఇక్కడ ఏ వైపు మెడ తిప్పినా ఆకాశం కనిపించదు. గద్ద ఒకటి ఆ గుంపులోకి దూరి ఒకదాన్ని పట్టుకుపోయింది, ఎవడూ పట్టించుకోలేదు. నా టోపీ మీద వెచ్చగా ఏదో పడింది, అదేంటో చెప్పక్కర్లేదు. అరగంట లోపు అంతా అయిపోయింది, ఆ గోలంతా పోయి కప్పల చప్పుడు మాత్రం మిగిలింది. ఫోన్లో వీడియో తీశాను, చూస్తే దుమ్ము రేగినట్టుంది, దండగ.

నాన్న ఏమన్నారంటే, "కోటి లేవురా".

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు తోటలు పూత మీదా పిందె మీదా గుత్తకిస్తారు. కొనేవాడు, అమ్మేవాడు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి ఎన్ని టన్నులు దిగుతాయో కంటితో చెప్పాలి, తప్పితే మునిగిపోతారు. నాన్న నలభై ఏళ్ళుగా అదే పని. ఒక కొమ్మ లెక్కపెట్టి చెట్టుకి గుణించడం ఆయనకి ఊపిరి పీల్చినంత. మంచె మీద కూడా అదే చేశారట, ఒక చెయ్యి వెడల్పు ఆకాశంలో ఎన్ని పోతున్నాయో చూసి, అలాంటి చేతులు ఎన్నో చూసి, ఎన్ని నిమిషాలో చూసి. "ఇరవై లక్షలు. అంతకంటే ఒక్కటి లేదు." గైడు నవ్వి 80 లక్షల నుంచి కోటి బా తాతా అన్నాడు. నాన్న వినలేదు. దిగాక కూడా అదే గొడవ, రాత్రి భోజనం దగ్గరా అదే. శనివారం కదా, నాన్న మాంసం ముట్టరు, న్షిమా అని మొక్కజొన్న పిండి సంగటి, వేరుసెనగ పొడి వేసి వండిన ఆకుకూర పెట్టారు, ఇఫిసాషి అంటారు. నాన్న మారడిగి తింటూ మరీ వాదించారు.

తెల్లవారుజామున మళ్ళీ లేపారు, తిరిగొచ్చేటప్పుడు చూడాలని. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. సాయంత్రం తొందరలో వెళ్తాయి, పొద్దున బరువుగా వస్తాయి, కడుపు నిండా పళ్ళతో. గైడు చెప్పిందేంటంటే ఇవి మామూలు చిన్న గబ్బిలాల్లా శబ్దాల ప్రతిధ్వని మీద ఎగరవు, కళ్ళూ ముక్కే ఆధారం. తొలివానలకి చుట్టుపక్కల అడవి పళ్ళు పండుతాయి కాబట్టే ఈ టైముకి వస్తాయి. కొన్నిటికి శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే కాంగో లోపలి దాకా వెళ్ళాయట, ఒకటైతే దాదాపు 2000 కిలోమీటర్లు. తిన్న పళ్ళ గింజలు దారి పొడుగునా రెట్టలో రాలుస్తూ పోతాయి, అడవి అలా మొలుస్తుంది. నాన్న అదంతా విని "మామిడి టెంక ఎక్కడ మింగుతుంది, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది, నష్టం మనకి" అన్నారు. నిజమే మరి. మన దగ్గర కూడా 2022 సవరణ దాకా పండ్ల గబ్బిలాలు చాలావరకు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకులు ఎలుకలతో పాటు హాని చేసేవాటి లిస్టులోనే ఉండేవి. ఈయన్నొక్కడినీ ఏమంటాం.

కానీ దారిలో ఒక చెట్టు దగ్గర ఆగిపోయారు. ఆకు తుంచి నలిపి వాసన చూసి "ఇది మన నేరేడు" అన్నారు. గైడు కాదు ముఫిన్సా అన్నాడు. నేను ఫోన్లో వెతికితే నేరేడు కుటుంబమే, గబ్బిలాలకి ఇష్టమైన పండు. ఇంకోటి ముసుకు, గోధుమరంగు గట్టి తొక్క, లోపల పసుపుపచ్చ గుజ్జు, తియ్యగా జిగటగా, నాన్న నాలుగు తిన్నారు. గింజలు జేబులో వేసుకుంటుంటే నేనే తీసి పారేయించాను, ఎయిర్‌పోర్టులో ఎవడు పడతాడు.

తిరిగొచ్చే దారిలో మళ్ళీ మామిడిపళ్ళు. ఒక కాయకి పక్కన చిన్న గాటు ఉంది. ఊళ్ళో అయితే చిలక కొట్టిందని ఏరి మరీ తింటాం, గబ్బిలం ముట్టిందంటే పారేస్తాం, కేరళలో నిపా వైరస్ వచ్చాక మరీనూ. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అమ్మేవాడి బుట్టలోనే పెట్టేసి పక్కది తీసుకున్నారు.

వాళ్ళు ఇండియా వెళ్ళిపోయాక నాకు ఒక రీసెర్చ్ పేపర్ దొరికింది. 2019లో ఆ అడవి చుట్టూ నేల మీద కెమెరాలు ఆకాశం వైపు తిప్పి పెట్టి కంప్యూటర్‌తో లెక్కపెట్టించారు. వచ్చింది ఏడున్నర లక్షల నుంచి పది లక్షల లోపు. కోటి కాదు! వెంటనే ఫోన్ చేసి చెప్పాను, నాన్నా నువ్వు కూడా డబుల్ చెప్పావు అని. ఓ నిమిషం మాట్లాడలేదు.

"ఏటా ఒకేలా కాస్తుందేంట్రా" అన్నారు. తర్వాత, "ఆ కెమెరాలు ఎంతుంటాయి? పిందె దిగే టైముకి మన తోటలో నాలుగు పెట్టిస్తే ఆ గుత్తవాడితో నోరు నొప్పెట్టేలా వాదించక్కర్లేదుగా."