180 గంటలు, రాత్రి ఏడు తర్వాత

మా ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చేతికి రావాలంటే 160 క్రెడిట్లు, అంటే చదివిన దానికి లెక్కగా కలిసే పాయింట్లు కావాలి. వాటిలో నాలుగు క్రెడిట్లు క్లాసులో కూర్చుంటే వచ్చేవి కావు. మొదటి ఏడాది పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. మేం సీఎస్‌పీ అంటాం. 180 గంటలు ఊళ్లో పనిచేసి, ఏరోజుకారోజు లాగ్‌బుక్ రాసి, రిపోర్టు పెట్టి, వైవాకి, అంటే నోటి పరీక్షకి వెళ్లాలి. లెక్కేస్తే ఒక్కో క్రెడిట్‌కి 45 గంటలు.

మా బ్యాచ్‌లో కొందరు తయారుగా దొరికే రిపోర్టు కొని, ఊరి పేరు మార్చి ఇచ్చేశారు. నాకు చాలా బాధేసింది. ఎందుకంటే మా ఇంట్లో నాయనమ్మ ఉంది.

మా ఊరు కలిగిరి దగ్గర. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు నాయనమ్మ రాత్రిబడికి పోయింది. కూలి నుంచి వచ్చి, సంగటి కెలికి పిల్లలకు పెట్టి, పలక తీసుకుని వెళ్లేదంట. చదువు చెప్పింది ఊళ్లో కుర్రాళ్లే. వాళ్లకు జీతం లేదు, క్రెడిట్లు లేవు. ఆ బడుల్లో ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని తమ కష్టం మాట్లాడుకోబట్టే, 1992లో మా కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మ గారూ మిగతా ఆడవాళ్లూ సారాకి ఎదురు నిలబడగలిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇది నాకు పుస్తకంలో చదివిన చరిత్ర కాదు, అన్నం తినేటప్పుడు విన్న మాట.

అందుకే ఆ రోజుల్లో అక్షరాలు దిద్దినవాళ్లకు ఇప్పుడు ఎంత చదవడం వస్తుందో చూస్తానని మెంటర్ మేడమ్‌కి చెప్పాను. ప్లాస్టిక్ మీదో, పరిశుభ్రత మీదో చేస్తే తేలిక కదమ్మా అన్నారు. రెండోసారి అడిగితే సరేనన్నారు.

మొదటి వారం పొద్దున పదికి ఇంటింటికీ తిరిగాను. ఎక్కడ చూసినా తాళాలే. పొగాకు వేలం నడుస్తున్న రోజులు, ఆడవాళ్లంతా గ్రేడింగ్‌కి, అంటే పొగాకు ఆకు రకాలుగా ఏరే పనికి పోయారు. అప్పుడు నేను నా టైమ్ మార్చుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు వాళ్లు ఆకు ఏరేచోట, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా అరుగు మీద. రోజుకు నాలుగున్నర గంటలు, నలభై రోజులు పట్టింది. లాగ్‌బుక్‌లో పది నుంచి ఐదు అని రాసెయ్యమని ఫ్రెండ్స్ చెప్పారు. నేను ఏడు నుంచి తొమ్మిదిన్నర అనే రాశాను.

సంతకం దాదాపు అందరికీ వచ్చు. ఒక అవ్వ నా పుస్తకంలో మూడుసార్లు పెట్టి చూపించింది. పింఛను రోజు మాత్రం ఆమె సంతకం ఎవరికీ అక్కర్లేదు, మిషన్‌కి వేలిముద్ర కావాలి. ఏళ్ల తరబడి పనిచేసి అరిగిపోయిన వేళ్లు, ఒక పట్టాన పడవు. "వేలిముద్ర వెయ్యకూడదనే కదా పాపా ఆరోజు అంత కష్టపడి నేర్చుకున్నది" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు రిపోర్టులో రాశాను.

చదవమని పేపరు ఇస్తే మాత్రం చాలామంది తల అడ్డంగా ఊపారు. మర్చిపోయామన్నారు. నేనూ అదే నిజమనుకున్నాను. ఒక రాత్రి కరెంటు పోయింది. పాత క్యాలెండర్ కాగితం వెనక మార్కర్‌తో అరచేయంత అక్షరాలు రాసి టార్చి వేశాను. నాయనమ్మ ఆగకుండా చదివేసింది. పక్కనున్న ఇద్దరూ చదివారు. అక్షరాలు మర్చిపోలేదు, దగ్గరి చూపు తగ్గి కనపడట్లేదు, అంతే! నలభై దాటాక అందరికీ వచ్చేదే అయినా, టీచర్లకీ గుమస్తాలకీ అద్దాలు వస్తాయి. కూలికి పోయే ఆడమనిషికి చదవడానికి అద్దాలు కావాలని ఇంట్లో ఎవరికి తోస్తుంది? నాకే తోచలేదు, రోజూ ఆమె పక్కన కూర్చుని చదువుకున్నదాన్ని.

ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ ఆ పనే. కంటి పరీక్షకు ముగ్గురు నలుగురు చొప్పున తీసుకుపోయాను. మాత్రల అట్ట మీద తేదీ, బస్సు బోర్డు, ఫోన్‌లో కొడుకు పేరు ఇవే మా పాఠాలు.

వైవాలో మార్కులు బాగానే పడ్డాయి, నాలుగు క్రెడిట్లూ వచ్చాయి. ఆదివారం రాత్రుళ్లు అరుగు మీద ఇంకా కూర్చుంటున్నాం. ఈ ఎండాకాలం సీఎస్‌పీకి వెళ్లే జూనియర్లు ఊళ్లో పని వేళలు ముందు కనుక్కోండి. పెద్దవాళ్లతో చదివించాలనుకుంటే ముందు కళ్ల సంగతి అడగండి. మాకైతే పాత క్యాలెండర్లు కావాలి, వెనక తెల్లగా ఉన్నవి. కలిగిరి వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి, బస్టాండుకి వచ్చి తీసుకుంటాను.