బోరునీళ్లు చెప్పిన పాఠం

మన ఉన్నత పాఠశాలలో చదివిన పాఠాలు చాలావరకు పరీక్షలతోనే మరుగునపడ్డాయి. తొమ్మిదో తరగతిలో ఊరి నీళ్లు పరీక్షించిన పని మాత్రం ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెప్పగలను.

బాలల సైన్స్ కాంగ్రెస్‌కు ఏదైనా ప్రాజెక్టు చేయాలని భౌతికశాస్త్రం మాస్టారు అనగానే మేము అట్టముక్కలు, థర్మోకోలు వెతకడం మొదలుపెట్టాం. ఆయన మాత్రం ఒకరి పళ్లు ఒకరు చూసుకోమన్నారు. వేపపుల్లతో ఎంత తోమినా పోని పసుపు, గోధుమరంగు చారలు మాలో చాలామందికి ఉండేవి. తాగే నీళ్లలో ఫ్లోరైడు అనే లవణం ఎక్కువై పళ్లు, ఎముకలు చెడిపోయే జబ్బు ఇది. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నెల్లూరు జిల్లాలో గుర్తించారు. మన కనిగిరి ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. ఇంత పాత జబ్బు పేరు మేము వినడం ఆ రోజే.

జట్టుకొక వీధి పంచారు. బోరింగు కాసేపు కొట్టి, సీసాను అవే నీళ్లతో తొలిచి, అప్పుడు పట్టాలి. సీసా ప్లాస్టిక్‌దే కావాలి, ఫ్లోరైడు గాజును అంటుకుంటుంది. పరీక్షనాళికలో మందు చుక్కలు వేసి వెనుక తెల్లకాగితం పెట్టేవాళ్లం. ఎరుపు నిలిస్తే ఊరట. ఎరుపు వెలిసి పసుపులోకి తిరిగిందంటే ఫ్లోరైడు ఎక్కువని అర్థం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా వీధి బోరు నీళ్లు చూస్తుండగానే పసుపుపచ్చగా మారాయి. రోజూ మా ఇంట్లో తాగే నీళ్లవి.

ఫలితం చెప్పడానికి వెళితే, నడుము వంగిపోయిన ఒక అవ్వ అడిగింది: "కాచి తాగితే పోదా నాయనా?" మా దగ్గర జవాబు లేదు. మర్నాడు మాస్టారు విడమరిచారు. కాస్తే నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడు మిగిలిపోతుంది, అంటే ఇంకా చిక్కనవుతుంది. పరీక్షలో మార్కులకోసం కాకుండా, ఒక మనిషికి జవాబు చెప్పాలని సైన్సు చదివింది నేను అప్పుడే. ఆ జవాబుతోపాటు బకెట్టు, సున్నం, బ్లీచింగ్ పొడి, పటిక పట్టుకుని మళ్లీ వెళ్లాం. వాటిని నీళ్లలో కలిపి ఫ్లోరైడును తగ్గించే నల్గొండ పద్ధతిలో పంచాయతీ ఆఫీసు అరుగుమీద నీళ్లు కలిపి చూపించాం. దూదిపింజల్లాంటి మడ్డి మెల్లగా అడుగుకు దిగుతుంటే, అందరికంటే ముందుకు వంగి చూసింది ఆ అవ్వే.

ఇప్పటి పిల్లలు కూడా ఈ పని ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చేయాలని నా కోరిక. ఏ బోరు ఎలా మారుతోందో రాసే పుస్తకం ఒకటి పాఠశాలలో ఉండాలి. పరీక్ష కిట్ల ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది, ప్రధానోపాధ్యాయులు ఒక్క మాట చెబితే చాలు.