ఆపమన్న తారీఖు ఉంది, మొదలెట్టమన్న తారీఖు లేదు

మా అప్ప, అంటే మా అక్క, పక్కన పడుకుంటే ఒక చప్పుడు వినపడుద్ది. టిక్కు టిక్కుమని, తలగడ కింద చేతివాచీ పెట్టి మర్చిపోయినట్టు. చిన్నప్పుడు గొంతునొప్పులు, జ్వరాలు, కీళ్ళ వాపులు వచ్చి పోతుండేవి, ఎదిగే పిల్లలకి మామూలే అనుకున్నారు ఇంట్లో, అదే రుమాటిక్ ఫీవర్ అనీ అది గుండె కవాటాన్ని పాడుచేసేసిందనీ పెళ్ళయ్యాక గానీ తెలీలేదు. 2011లో వైజాగ్‌లో ఆపరేషన్ చేసి మైట్రల్ వాల్వు అనే ఆ కవాటాన్ని తీసేసి మెకానికల్ వాల్వు, అంటే తయారుచేసిన కృత్రిమ కవాటం, పెట్టారు. ఆ వాల్వు రెక్కలు మూసుకున్నప్పుడల్లా వచ్చే చప్పుడది. మొదట్లో బావకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అది లేకపోతే పట్టదు.

మాది పర్లాకిమిడి. రాష్ట్రం ఒడిశా, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఆటో ఎక్కితే పాతపట్నం, అంటే ఆంధ్రా. గుండె డాక్టరు వైజాగ్‌లో, నా ఉద్యోగం బరంపురంలో, పన్ను డాక్టరు మాత్రం ఇంటికి దగ్గర్లోనే. గొడవంతా ఆ దగ్గర్లోనే మొదలైంది, ఆయన పేరు అనవసరం, చెడ్డవాడేం కాదు.

వాల్వు పెట్టిన రోజు నుంచీ అప్ప రోజూ సాయంత్రం వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ మాత్ర వేసుకుంటుంది. బియ్యపుగింజకంటే కాస్త పెద్దది అంతే, దాన్ని ఒక్కోసారి బ్లేడుతో సగం చెయ్యాలి, సగం చేస్తే సగం పొడైపోద్ది, ఆ పొడిని కూడా వేలికి అద్దుకుని నాకేస్తుంది. నెలకోసారి రక్తం ఇచ్చి ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె, చూపించుకోవాలి. మందు వేసుకోని మామూలు మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది, మా అప్పకి రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలని డాక్టరు చెప్పారు. తగ్గితే గడ్డ కడుద్ది, మరీ పెరిగితే చిగుళ్ళు కారతాయి, ఇంకా పెరిగితే మెదడులోనే రక్తం కారొచ్చు. ఈ అంకెలన్నీ రాయడానికి ఒక నోటుబుక్కు, పాలవాడి లెక్కలు కూడా అందులోనే, కాబట్టి 2.7 పక్కన అరలీటరు అని ఉంటుంది.

పోయిన కార్తీకంలో దవడపన్ను పుచ్చి పీకించుకోడానికి వెళ్ళింది. రక్తం పలచబడే మందు వాడతన్నానని తనే చెప్పింది. అయితే అయిదు రోజులు ఆపీసి రామన్నారు. ఆపింది. పన్ను పీకారు. బుగ్గ వాచింది. పుండు మానేదాకా మాత్ర మానెయ్యి అన్నారట. తెలుగులో వచ్చిన చిక్కు చూడండి, రెండూ మానడమే! పుండు ఎప్పుడు మానిందో ఎవరు చెప్తారు, నాలికతో తడుముకుంటూ ఇంకా పచ్చిగానే ఉందిలే అనుకుంటూ, మొత్తం పదహారు రోజులు. ఆపడానికి చీటీ మీద తారీఖు రాశారు, మళ్ళీ ఏ రోజు మొదలెట్టాలో ఎక్కడా రాయలేదు. నేను ఫోన్ చేసినప్పుడు పంటినొప్పి ఎలా ఉందే అని అడిగానే తప్ప మాత్ర వేసుకుంటన్నావా అని అడగలేదు, పదమూడేళ్ళ నుంచి వేసుకుంటున్న మనిషిని ఏం అడుగుతాం అనుకున్నాను.

పదహారో రోజు రాత్రి పదకొండింటికి బావ ఫోను.

"ఒరే, మీ అప్ప పడుకోలేకపోతందిరా. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, లేచి కూకుంటే నయం. ఇంకోటి కూడా ఉంది, చెప్తే నవ్వుతావేమో."

"చెప్పు బావా."

"టిక్కుటిక్కు సరిగ్గా ఇనబడ్డం నేదురా. గుడ్డలో చుట్టీసినట్టు ఉంది."

నాకు నవ్వు రాలేదు. అయితే అది ఎంత పెద్ద సంగతో ఆ క్షణంలో నాకు తెలీదు కూడా, ఆయాసం అన్నాడు కాబట్టి కారు మాట్లాడు అన్నాను, నేను బరంపురం నుంచి తిన్నగా వైజాగ్ వచ్చేస్తాను అన్నాను. తర్వాత డాక్టరుగారే చెప్పారు, వాల్వు చప్పుడు మందగించడం అనేది వాల్వు మీద గడ్డ కట్టిందనడానికి పాత గుర్తు, స్టెతస్కోపుతో వాళ్ళు వెతుక్కునే గుర్తు, మా బావ చెవితోనే పట్టేశాడు.

ఐఎన్‌ఆర్ 1.1 వచ్చింది. అంటే ఒంట్లో మందు జాడే లేదు. ఎసిట్రామ్ ప్రభావం ఆపిన రెండు మూడు రోజులకే పోతుందట, అదే ఇలాంటిదే ఇంకో మందు, వార్ఫరిన్ అయితే నాలుగైదు రోజులు పడుద్ది. అంటే పన్ను పీకిన రోజుకే అప్పకి రక్షణ లేదు, ఆ తర్వాత గడిచినవన్నీ ఉత్తి రోజులు. ఎకో అని గుండె స్కాన్ తీశారు, తర్వాత ఫ్లోరోస్కోపీ అని ఎక్స్‌రే సినిమా లాంటిది చూపించారు, తెర మీద వాల్వు రెండు రెక్కలు సన్నగా రెండు గీతల్లా కనపడతాయి. ఒక గీత తలుపులా తెరుచుకుని మూసుకుంటోంది. రెండోది కదలడం లేదు. అక్కడే నిలబడి ఎంతసేపు చూశానో తెలీదు.

గడ్డ కరిగించే మందు సెలైన్‌లో గంటల తరబడి ఎక్కించారు. దానికి ముందు కాగితం మీద సంతకం, గడ్డలో ముక్క ఊడి మెదడుకి పోతే పక్షవాతం రావొచ్చు, ఎక్కడైనా రక్తస్రావం కావొచ్చు, కరక్కపోతే మళ్ళీ ఛాతీ కోసి ఆపరేషన్. బావ చెయ్యి వణికితే నేను పట్టుకున్నాను. మర్నాడు సాయంత్రానికి ఆయాసం తగ్గింది, బావ ఐసీయూలోకి వెళ్ళి వచ్చి ఏం మాట్లాడకుండా వేలితో బల్ల మీద టిక్కు టిక్కుమని కొట్టి చూపించాడు.

రక్తం పలచబడే మందు అనే మాటే మనల్ని పాడుచేస్తోందని నా అనుమానం. ఈ మందు వల్ల రక్తం నీళ్ళవ్వదు, ఎప్పట్లా చిక్కగానే ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కాలేయం విటమిన్ కె తో తయారుచేసే కొన్ని పదార్థాలు ఉంటాయి, ఆ తయారీకి అడ్డుపడుద్ది అంతే. అందుకే మునగాకు, తోటకూర ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తింటే ఐఎన్‌ఆర్ తిరగబడుద్ది, మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. మా వీధిలో ఒకాయన ఇది ఎలకల మందమ్మా అని అప్పని భయపెట్టేవాడు. అబద్ధం కాదు, దీని చుట్టం వార్ఫరిన్ 1948లో అమెరికాలో ఎలకల మందుగానే వచ్చింది, 1954 నుంచి మనుషులకి వాడుతున్నారు. సగం తెలిసినవాడి మాటకి బలం ఎక్కువ.

మా చిన్నమావయ్యది వేరే కథ, గుండె లయ తప్పే జబ్బు, గడ్డకట్టకుండా ఎపిక్సాబాన్ అనే ఇంకో మందు రోజుకి రెండుసార్లు. ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు కాబట్టి ఆయనకి అది తేలిక మందులా అనిపించింది, రేటు ఎక్కువని రోజుకి ఒకటే వేసుకుంటున్నాడు! ఆ మందు ఒంట్లో పన్నెండు గంటలకే సగం అయిపోతుంది, ఒక రోజు మానితే దాదాపు మానేసినట్టే. మనకి చవకది ఉంటే అదే మార్చమని డాక్టరుని అడగొచ్చు, మనంతట మనం సగం చెయ్యకూడదని ఇప్పుడు నేను దగ్గరుండి పోట్లాడుతున్నాను. స్టెంటు వేసుకున్నవాళ్ళ క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ మళ్ళీ వేరే రకం, అవి మధ్యలో ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. ఆపాల్సిన రోజులు ఉండవని కాదు, పెద్ద ఆపరేషన్లకి ఆపుతారు, అవసరమైతే ఆ మధ్యలో గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు. విరేచనం నల్లగా తారులా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా ఇంట్లో కూర్చుని ఆపాలా వద్దా అని తర్జనభర్జన పడకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఈమధ్య అప్పకి ఇంకో పన్ను పోయింది, పైది. ఈసారి వైజాగ్ డాక్టరుగారే పన్ను డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. మాత్ర ఒక్క పూట కూడా ఆపలేదు. ముందురోజు ఐఎన్‌ఆర్ చూశారు, 2.6. పొద్దున్నే పీకారు, ఏమైనా అయితే పగలంతా చేతిలో ఉంటుందని. రెండు కుట్లు వేసి, రక్తం కారకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ మందులో తడిపిన గాజుగుడ్డ కొరికి పట్టుకోమన్నారు. నొప్పికి పారాసిటమాల్ తప్ప డిక్లోఫెనాక్ ముట్టుకోవద్దన్నారు. మధ్యాహ్నం దాకా ఉమ్మి ఎర్రగా వచ్చింది, తలగడ గుడ్డ మీద రూపాయి బిళ్ళంత మరక, అంతే.

సాయంత్రం ఆరింటికి చల్లారబెట్టిన పాలు తాగి, నోట్లో గుడ్డతోనే సైగ చేసింది. బావ అర్థంకాక మంచినీళ్ళు తెచ్చాడు, కాదంది. ఫ్యాన్ వేశాడు, కాదంది. చివరికి గుడ్డ తీసేసి, "మాత్ర మావా, మాత్ర, బ్లేడు ఎక్కడెట్టీసినావు?" అంది.